ఆకాశంలో యాభై ఒక్క నిమిషాలు

హైదరాబాద్‌కీ విశాఖపట్నానికీ మధ్య గగనతల దూరం సుమారు 510 కిలోమీటర్లు. టికెట్ మీద గంటా ఇరవై నిమిషాలు. గడప నుంచి గడపకి లెక్క వేస్తే మాత్రం వేరే కథ.

"ఎన్నింటికిరా ఫ్లైటు?" అంది అక్క ఫోన్లో.

"పొద్దున ఏడూ ఐదుకి. ఎనిమిదీ పాతిక్కల్లా వైజాగ్‌లో ఉంటా. గంటా ఇరవై, అంతే."

ఫోన్ స్పీకర్లో పెట్టినట్టుంది, వెనక నుంచి బావగారి నవ్వు వినిపించింది. ఆయన వాల్తేరు డివిజన్‌లో గార్డుగా చేసి రిటైరైన మనిషి. బండి ఏ స్టేషన్‌కి ఎన్నింటికొచ్చింది, ఎన్నింటికి కదిలింది, మధ్యలో ఎందుకాగింది అంతా నిమిషాలతో సహా రఫ్ జర్నల్లో రాయడం ముప్పై ఏళ్ళ అలవాటు. విమానం మాటెత్తితే చాలు, ఆయనకి ఎక్కడలేని హుషారు పుట్టుకొస్తుంది.

"ఏమోయ్, గంటా ఇరవై అన్నది వాళ్ళు టికెట్ మీద రాసుకున్న మాట. మీ ఇంటికి తాళం ఎన్నింటికి వేసేవు, మా గుమ్మంలో చెప్పులు ఎన్నింటికి విడిచేవు, అది రాసుకురా. అప్పుడు మాటాడదాం."

రాసుకెళ్ళాను. సంక్రాంతి దాటిన వారం అది. మా ఇల్లు ఈసీఐఎల్ అవతల. 4:10కి తాళం వేశాను. క్యాబ్ ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కాక మంచులో ముందున్న లారీ ఎర్రదీపాలు తప్ప ఏమీ కనపడలేదు. 5:15కి శంషాబాద్ డిపార్చర్ గేటు. పెట్టె లోపలికి పంపి, సెక్యూరిటీ లైన్లో నిలబడితే, అక్కకి తీసుకెళ్తున్న సకినాల డబ్బాని ఎక్స్‌రే మిషన్ రెండుసార్లు పరీక్షగా చూసింది. నువ్వులు కలిపిన గుండ్రటి చుట్లు తెర మీద ఎలా కనపడ్డాయో ఏమో, ఆ జవాను మూత తీయించి, చూసి, నవ్వి పంపించేశాడు. 5:50కి లోపల పడ్డాను. 6:25కి బోర్డింగు. 6:58కి తలుపు మూశారు. 7:04కి విమానం వెనక్కి జరిగింది. 7:21కి చక్రాలు నేల వదిలాయి. 8:12కి విశాఖ రన్‌వే తాకాం. 8:17కి ఆగింది, చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టారు. ఎనిమిది నిమిషాలు ముందే తీసుకొచ్చేశామని మైకులో గొప్పగా చెప్పారు. పెట్టె బెల్టు మీద కనిపించేసరికి 8:42. ఎన్ఏడీ మీదుగా ఎంవీపీ కాలనీలో అక్క గుమ్మం ముందు చెప్పులు విడిచింది 9:30కి.

బావగారు కళ్ళజోడు పెట్టుకుని నా చీటీ చదివి, పెన్సిల్‌తో కూడి, కింద గీత గీశారు. మొత్తం ఐదు గంటలా ఇరవై నిమిషాలు. అందులో గాలిలో ఉన్నది యాభై ఒక్క నిమిషాలు. ఆరో వంతు కూడా లేదు.

"510 కిలోమీటర్లని 320 నిమిషాలతో భాగించి చూడు" అన్నారు. చూశాను. గంటకి 96 కిలోమీటర్లు వచ్చింది. ఔటర్ మీద నన్ను తీసుకెళ్ళిన క్యాబే అంతకన్నా జోరుగా వెళ్ళింది.

పటం మీద దారం

ఆ 510 ఎక్కడిది? పటం మీద శంషాబాద్ దగ్గర ఒక గుండుసూది, విశాఖ దగ్గర ఒకటి గుచ్చి దారం బిగిస్తే వచ్చే దూరం అది. వైమానికుల లెక్కలో 275 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే అందులో ఒక భాగం. ఓడల వాళ్ళు పెట్టిన కొలత, విమానాల వాళ్ళు తీసుకున్నారు.

దారం సరిగ్గా ఎక్కడెక్కడి మీదుగా పోతుందో ఓసారి తీరిగ్గా చూడాలి, భలే ఉంటుంది. సూర్యాపేటకీ ఖమ్మానికీ కాస్త ఎగువగా వెళ్ళి, కొత్తగూడేన్ని దాదాపు ఒరుసుకుంటూ, భద్రాచలాన్ని ఎడమ చేతివైపు వదిలి, పాపికొండల దగ్గర గోదావరి దాటుతుంది. ఆ తర్వాత మారేడుమిల్లి అడవి, నర్సీపట్నం, అనకాపల్లి. విజయవాడ ఊసే లేదు. రాజమండ్రి కుడి కిటికీలోంచి దూరంగా, వాన లేని రోజైతే గోదావరి మీద గీతల్లాంటి వంతెనలతో కనిపిస్తుంది.

నేల మీద వెళ్ళేవాళ్ళెవరూ ఈ దారిన వెళ్ళరు. వెళ్ళలేరు కూడా. మధ్యలో తూర్పు కనుమలు, గోదావరి, ఏజెన్సీ అడవి. అందుకే రైలూ రోడ్డూ రెండూ దక్షిణానికి వంగి, విజయవాడ చుట్టి, మళ్ళీ కోస్తా పట్టుకుని ఈశాన్యానికి వెళ్తాయి. రైలు పట్టాల మీద సికింద్రాబాద్ నుంచి విశాఖ దాదాపు 700 కిలోమీటర్లు. రోడ్డు మీద విజయవాడ మీదుగా 620కి పైమాటే. ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ రహదారి ఈ వంపుని కొంత సరిచేసే ప్రయత్నమే. వైరా, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం వైపు నుంచి గోదావరి జిల్లాల్లోకి దింపి, విజయవాడ చుట్టు తప్పిస్తుంది. దారానికి నేల కాస్త దగ్గరికి జరిగినట్టు.

దారం కింద నాకు అన్నిటికన్నా ఎక్కువగా అనిపించేది నర్సీపట్నానికి ముందు వచ్చే కొండలు. రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట, కాస్త ఎడమకి చింతపల్లి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం పడింది. మూడు రోజులు, మూడు ఠాణాలు, కాలినడకన, వానాకాలపు అడవిలో. అదే నేల ఇవాళ విమానం కిటికీలో ఐదారు నిమిషాలు ఉంటుంది. ఆ ఐదారు నిమిషాల్లో మన చేతిలో సాధారణంగా కప్పు నూడుల్స్ ఉంటాయి.

ఎక్కడం, దిగడం, మధ్యలో కాస్త

లెక్క ప్రకారం ఎయిర్‌బస్ 320 లాంటి జెట్ పైన గంటకి 830 కిలోమీటర్ల జోరుతో వెళ్తుంది. 510ని 830తో భాగిస్తే 37 నిమిషాలు. మరి నా చీటీలో 51 ఎందుకున్నాయి?

కారు స్పీడోమీటర్ లాగా విమానం వేగాన్ని ఊహించుకోవడమే పొరపాటు. 830 అన్నది పది కిలోమీటర్ల ఎత్తున, పలచటి గాలిలో దొరికే వేగం. అక్కడికి ఎక్కాలి కదా. పదివేల అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకి 463 కిలోమీటర్లు మించకూడదన్న నియమం ఒకటి. పైకెక్కడానికి ఇరవై నిమిషాలు అటూ ఇటూ పడుతుంది, ఆ లోపు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు జరిగిపోతాయి. దిగడానికి పైలట్లకి ఒక మోటు లెక్క ఉంది. వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్ళు కావాలి. 33 వేల అడుగుల నుంచి దిగాలంటే వంద మైళ్ళు, అంటే 185 కిలోమీటర్ల ముందే ఇంజిన్ల జోరు తగ్గించాలి.

ఇప్పుడు ఆ రెండు దూరాల్నీ మన దారం మీద పెట్టి చూడండి. ఎక్కడం పూర్తయ్యేది ఇంచుమించు కొత్తగూడెం దగ్గర. దిగడం మొదలయ్యేది ఇంచుమించు పాపికొండల దగ్గర. తిన్నగా, ఒకే ఎత్తున, ప్రకటనల్లో చూపించే ఆ జోరుతో విమానం వెళ్ళేది కొత్తగూడెం నుంచి పాపికొండల దాకానే. వంద కిలోమీటర్లు. ఏడెనిమిది నిమిషాలు. తిండి బండి నడవలోకి తోసుకొచ్చిన అమ్మాయి పన్నెండో వరసకి చేరేసరికి బెల్టు దీపం మళ్ళీ వెలుగుతుంది. పదమూడో వరస నుంచి వెనక కూర్చున్నవాళ్ళకి సమోసా దక్కాలంటే ఇంకాస్త దూరపు ఊరికి టికెట్ కొనుక్కోవాలి.

అందుకే చిన్న దూరాల్లో విమానం తన బలం చూపించలేదు. శంషాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్తే పైన గంటకి పైగా నిలకడగా ఉంటుంది, ఎక్కే దిగే ఖర్చు అందులో కలిసిపోతుంది. అమెరికా వెళ్తే ఆ నలభై నిమిషాలూ లెక్కలోకే రావు. మన దారం మీద ప్రయాణమంటే ఎక్కడమూ దిగడమే.

ఎత్తుకీ ఒక మర్యాద ఉంది. తూర్పు వైపు వెళ్ళే విమానాలకి బేసి వేలు: 31, 33, 35. పడమటికి వచ్చేవాటికి సరి వేలు: 32, 34, 36. మనం విశాఖ వెళ్తుంటే, విశాఖ నుంచి వచ్చేది కనీసం వెయ్యి అడుగుల తేడాతో పైనో కిందో దాటిపోతుంది. రెండూ ఎదురెదురుగా వస్తున్నాయి కాబట్టి, చూడాలన్నా కళ్ళు నిలవవు. ఒకసారి చూశాను. తెల్లటి గీత ఒకటి కిటికీ చివర పుట్టి రెండో చివర మాయమైంది.

టికెట్ మీద గంటా ఇరవై

యాభై ఒక్క నిమిషాలు ఎగిరే విమానానికి టికెట్ మీద ఎనభై నిమిషాలు ఎందుకు రాస్తారు? రాసేది ఎగిరే టైం కాదు కాబట్టి. విమాన సంస్థల భాషలో రాసేదాన్ని బ్లాక్ టైం అంటారు. ఇక్కడ చక్రాల దగ్గర అడ్డు చెక్కలు తీసిన క్షణం నుంచి అక్కడ మళ్ళీ పెట్టిన క్షణం దాకా. నా చీటీలో 7:04 నుంచి 8:17. అంటే 73 నిమిషాలు. వెనక్కి జరగడం, రన్‌వే దాకా మెల్లగా పాకడం, ముందున్న నాలుగు విమానాలు ఎగిరేదాకా నిలబడటం, అవన్నీ అందులోనే.

73కీ 80కీ మధ్య ఉన్న ఏడు నిమిషాలు? అది సంస్థ తన జేబులో దాచుకున్న చిల్లర. విమానం టైముకి నడిచిందా లేదా అన్నది లెక్కగట్టేటప్పుడు పదిహేను నిమిషాల దాకా ఆలస్యాన్ని ఆలస్యంగా చూడరు. ఆ పైన ఇలా ముందుగానే కాస్త కలుపుకుని రాసుకుంటే, పావుగంట రన్‌వే దగ్గర ఇరుక్కున్నా దిగేసరికి 'రైట్ టైమ్'. ఇరుక్కోకపోతే మైకులో గొప్ప. బావగారు దీన్ని వెంటనే పట్టేశారు. "మా దగ్గరా అంతేనోయ్. ఆఖరి స్టేషన్‌కి ముందు స్టేషన్‌ నుంచి టైమ్ టేబుల్ చూడు. పది నిమిషాల దూరానికి ముప్పావుగంట ఇస్తారు." రైలు వాళ్ళూ విమానం వాళ్ళూ ఈ ఒక్క విషయంలో అన్నదమ్ములే.

ప్రభుత్వం కూడా ఈ దూరాన్నే ఒక కొలబద్దగా తీసుకుంది. 2016 అక్టోబరులో చిన్న ఊళ్ళకి విమానాల కోసం ఉడాన్ పథకం ప్రకటించినప్పుడు, గంట ప్రయాణం, సుమారు 500 కిలోమీటర్లు, 2,500 రూపాయల గరిష్ఠ ధర అన్నారు. 2017 ఏప్రిల్ 27న తొలి రోజు జెండా ఊపినవాటిలో కడప–హైదరాబాద్ విమానం ఒకటి. హైదరాబాద్–విశాఖకి ఆ పథకంతో పని లేదు, జనం వాళ్ళంతట వాళ్ళే ఎక్కే మార్గం ఇది. అయితే 'ఐదు వందల కిలోమీటర్లంటే గంట' అన్న మాట మాత్రం అప్పటి నుంచి మనందరి నోళ్ళలో స్థిరపడిపోయింది. ఏ గంట, ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడిగినవాళ్ళు లేరు.

గాలివాటం

జనవరిలో వెళ్ళేటప్పుడు టికెట్ మీద గంటా ఇరవై, వచ్చేటప్పుడు గంటా ముప్పై. అదే దూరం, అదే రకం విమానం. తేడా గాలిది. చలికాలం పైగాలి పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. విశాఖ వెళ్ళేవాడికి వీపు తడుతుంది, తిరిగొచ్చేవాడికి ఛాతీకి అడ్డం పడుతుంది.

నైరుతి వానల్లో కథ తిరగబడుతుంది. కింద మేఘాలు నైరుతి నుంచి వస్తుంటాయి, మనం గాలంతా అటే అనుకుంటాం. చాలా పైన, పదిహేను కిలోమీటర్ల ఎత్తున, దక్షిణ భారతం మీదుగా తూర్పు నుంచి పడమటికి పెద్ద గాలి నది ఒకటి పారుతుంటుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని శాస్త్రలోకానికి చూపించినవారు పి.కోటేశ్వరం. 1958లో వచ్చిన ఆయన పరిశోధన పత్రం నుంచి ఇది వాతావరణ శాస్త్ర పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆయన తర్వాత భారత వాతావరణ శాఖకే అధిపతి అయ్యారు. మన విమానాలు పది కిలోమీటర్ల దగ్గరే ఉంటాయి కాబట్టి ఆ నది అంచు మాత్రమే తగులుతుంది. నిజం చెప్పాలంటే, హైదరాబాద్–విశాఖ మధ్య గాలి తెచ్చే తేడా కొన్ని నిమిషాలే. అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి పడమటి పైగాలులే గంట ఇచ్చి, వెళ్ళేటప్పుడు గంట వెనక్కి తీసుకుంటాయి.

గాలి నిమిషాలు తింటే, మబ్బు పూటలకు పూటలే మింగుతుంది. కొన్నేళ్ళ కిందట ఓ అక్టోబరులో ఇదే దారిన వెళ్తుంటే బంగాళాఖాతంలో అల్పపీడనం. అనకాపల్లి మీద విమానం చుట్లు మొదలుపెట్టింది. ఈ చుట్టు గుండ్రంగా ఉండదు, గుర్రప్పందేల మైదానంలా కోలగా ఉంటుంది. నిమిషం తిన్నగా, నిమిషం మలుపు, మళ్ళీ నిమిషం తిన్నగా, నిమిషం మలుపు. చుట్టుకి నాలుగు నిమిషాలు. నాలుగు చుట్లు తిరిగాక పైలట్ గొంతు వినిపించింది: విశాఖలో రన్‌వే కనపడటం లేదు, వెనక్కి వెళ్తున్నాం. ప్రతి విమానం గమ్యానికి సరిపడా ఇంధనమే కాదు, అక్కడ కుదరకపోతే మరో ఊరికి వెళ్ళడానికీ, ఆ పైన ఇంకో అరగంట తిరగడానికీ చాలినంత మోసుకెళ్తుంది. ఆ మరో ఊరు మాకు హైదరాబాదే అయింది. రెండు గంటల చిల్లర ఆకాశంలో తిరిగి, బయలుదేరిన ఊళ్ళోనే దిగాం. పక్క సీట్లో శ్రీకాకుళం వైపు పెద్దావిడ, మొదటిసారి విమానమట.

"బాబూ, మనూరేనా?"

"కాదమ్మా, హైదరాబాదే."

ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసి, "మరెందుకు ఎల్లినట్టు?" అంది. ఆ రోజు ఆ విమానంలో అంత సూటి ప్రశ్న ఇంకెవరూ అడగలేదు.

సముద్రం మీదికెళ్ళి రావడం

విశాఖలో దిగడం మామూలు ఊళ్ళో దిగినట్టు ఉండదు. పడమటి నుంచి వస్తున్నాం కదా అని తిన్నగా వచ్చి వాలిపోడు పైలట్. చాలాసార్లు ఊరు దాటి, సముద్రం మీదికి వెళ్ళి, అక్కడ తిరిగి, ముఖం పడమటికి పెట్టుకుని దిగుతాడు. అవతలివైపు కొండలు. అందుకే మొదటిసారి వచ్చినవాళ్ళు ఊరు దాటిపోయాం అని కంగారు పడతారు. కిటికీలో ముందు ఊరు, తర్వాత నీళ్ళు, లంగరేసి నిలబడ్డ ఓడలు, మళ్ళీ ఊరు. డాల్ఫిన్స్ నోస్ కొండ కళ్ళ ఎదుట పక్కకి ఒరిగినట్టు కనిపిస్తుంది. నా 51 నిమిషాల్లో కొన్ని ఈ సముద్రం ఖాతావే. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.

ఈ రన్‌వే అసలు నావికాదళానిది. ఐఎన్ఎస్ డేగ పేరుతో వాళ్ళ స్థావరం. పౌర విమానాలు వాళ్ళిచ్చిన వేళల్లో వచ్చి పోవాలి. వాళ్ళ విమానాల విన్యాసాలుంటే మనం ఆగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను టెర్మినల్ కప్పుని చీల్చేసినప్పుడు కొన్నాళ్ళు అసలు విమానాలే లేవు. అప్పుడు హైదరాబాద్–విశాఖ దూరం కిలోమీటర్లలో కాదు, ఫోను ఎన్నిసార్లు కలవలేదో అన్నదాంట్లో ఉండేది. అక్క గొంతు వినడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఊరు వెనక్కి జరిగింది

బావగారు గీత గీసిన నా చీటీ గురించి ఆలోచిస్తుంటే ఇంకో సంగతి తట్టింది. ఈ ఐదు గంటలా ఇరవైలో ఆకాశం వాటా పెరగలేదు. పెరిగిందంతా నేల వాటా.

1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపేది. 1953లో జాతీయీకరణ జరిగి అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటా జోరు గంటకి 300 కిలోమీటర్లకి అటూ ఇటూ. అది మన దారం మీద తిన్నగా ఎగిరి ఉంటే గంటా ముప్పావు, రెండు గంటలు పట్టేది. అయితే బేగంపేట ఊళ్ళోనే ఉంది. మా ఇంటి నుంచి తెల్లవారుజామున అరగంట. గంట ముందు వెళ్తే ఎక్కువ. రెండో చివర ఇంకో గంట వేసుకున్నా నాలుగున్నర గంటలు దాటదు. ఇది నా కాగితం లెక్కే. అయినా, జెట్ ఇంజిన్ కనిపెట్టి, డిజియాత్రలో ముఖం చూపించి, నేను ఆదా చేసుకున్నది ఏమిటని అడిగితే జవాబు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

2008 మార్చి 23న విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారాయి. ఆ ఒక్క రాత్రిలో హైదరాబాద్ ప్రతి ఊరికీ ఓ గంట దూరం జరిగింది. మర్నాటి ఏ టికెట్ మీదా ఆ గంట అచ్చుకాలేదు. మెహదీపట్నం వైపువాళ్ళకి ఆ మరుసటేడు 11 కిలోమీటర్ల పైచిలుకు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చి కొంత వెనక్కిచ్చింది. రాజేంద్రనగర్ వాళ్ళ జాతకం తిరిగింది. మా ఈసీఐఎల్, మల్కాజిగిరి వైపువాళ్ళకి ఔటర్ దిక్కైంది. బేగంపేట బాగుండేదని ఇప్పుడు ఏడవడం లేదు. ఊరి నడిబొడ్డున అంత ట్రాఫిక్ మోసే స్థలం అక్కడ లేదు. కానీ విమానాశ్రయం జరిగినప్పుడు పటం మీద దూరం కదలదు, మనిషి దూరం కదులుతుంది. మనం రెండోదాన్ని కొలవం.

ఇప్పుడు అదే పాఠం రెండో చివర. భోగాపురంలో కట్టిన విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. విశాఖ నుంచి ఈశాన్యంగా 45 కిలోమీటర్లు. మన దారం అక్కడికి లాగితే ముప్పై కిలోమీటర్లు పొడుగవుతుంది, అంటే గాలిలో రెండు మూడు నిమిషాలు. నేల మీద మాత్రం ఎవరింటి నుంచి చూస్తున్నామన్నదాన్ని బట్టి. గాజువాకలో ఉన్నవాడికి ఇవాళ విమానాశ్రయం గోడ పక్కనే, రేపు ఊరంతా దాటి అవతల. విజయనగరం వాళ్ళకి, శ్రీకాకుళం వాళ్ళకి అది ఎదురొచ్చినట్టే. ఆ రోజు నాతోపాటు హైదరాబాద్‌లోనే దిగిన శ్రీకాకుళం పెద్దావిడకి బస్సు ప్రయాణం తగ్గొచ్చు. మా అక్కకి పెరుగుతుంది. "ఏటి, మనింటి నుంచి గంట పైనేనా?" అని అక్క ఇప్పటినుంచే లెక్క వేసుకుంటోంది. కోస్తా రోడ్డు మీద సాయంత్రం పూట ఆ గంట ఎంతవుతుందో ఆ పూటే చెప్పాలి.

బావగారి బండి

రైలా విమానమా అన్న బావగారి వాదం ఇంతకీ తేలలేదు. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ అంటే ఆయనకి ప్రాణం. సాయంత్రం ఎక్కి, సామర్లకోట దగ్గర పులిహోర విప్పి, ఖాజీపేటలో లేచి ముఖం కడుక్కుంటే హైదరాబాద్. పన్నెండు గంటల పైచిలుకు. దాన్ని విమానంతో పోల్చడం ఆయనకే ఇష్టం లేదు. "అది ప్రయాణం కాదోయ్, రాత్రి నిద్ర. నిద్ర టైముని లెక్కలో ఎలా వేస్తావు?" అన్నారు. ఈ వాదనకి నా దగ్గర జవాబు లేదు.

పోటీ పెట్టాల్సింది 2023 జనవరి 15న, సంక్రాంతి రోజున మొదలైన వందేభారత్‌తో. దాదాపు 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో. మొదలైనప్పటి టైము ప్రకారం మూడింటికి సికింద్రాబాద్, రాత్రి పదకొండున్నరకి విశాఖ. మా ఇంటి నుంచి స్టేషన్ నలభై నిమిషాలు, అక్కడ పదిహేను నిమిషాల ముందు చాలు, విశాఖ స్టేషన్ నుంచి ఎంవీపీకి రాత్రిపూట ఇరవై నిమిషాలు. గడప నుంచి గడపకి పది గంటల లోపు. టికెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే విమానం ఏడు గంటలు ఆదా. చీటీలు పక్కపక్కన పెడితే నాలుగున్నర. ఆ నాలుగున్నర చిన్నదేం కాదు, ఆసుపత్రికి పరిగెత్తేవాడికి అదే ప్రాణం. పెళ్ళికెళ్ళేవాడికి మాత్రం కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని ఏలూరు, తాడేపల్లిగూడెం దాటుతుంటే ఆ నాలుగున్నర ఏమంత బరువనిపించదు.

గడప నుంచి గడపకి లెక్క కొత్తదేం కాదు. మా తాత దూరాన్ని తాను కాల్చే చుట్టల్లో చెప్పేవాడు. పక్కూరు ఒక చుట్ట, సంతకి రెండు చుట్టలు. ఎద్దులు అలసినా, వాగు పొంగినా చుట్టలు పెరిగేవి. ఆ లెక్కలో దారీ, ఎండా, మనిషి ఓపికా అన్నీ కలిసే ఉండేవి.

సూర్యుడితో పందెం

తిరుగు ప్రయాణం సాయంత్రం. ఎంవీపీలో 2:45కి చెప్పులేసుకున్నాను. 5:25కి ఎగిరాం. నా సీటు ఎడమ కిటికీ.

మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. 1906 జనవరి 1 నుంచి అదే పద్ధతి. ఆ గీత మనకి కాకినాడకి కాస్త తూర్పుగా, తుని దగ్గర తగులుతుంది. అంటే హైదరాబాద్–విశాఖ మధ్య ఎగిరే ప్రతి విమానం భారత కాలమానపు గీత దాటుతుంది. విశాఖలో అసలు సూర్యుడు సగటున గడియారం కన్నా మూడు నిమిషాలు ముందు, హైదరాబాద్‌లో పదహారు నిమిషాలు వెనక. ఒకే టైము చూపించే రెండు ఊళ్ళ మధ్య పొద్దు పొడవడానికీ, కుంకడానికీ పందొమ్మిది నిమిషాల తేడా.

పడమటికి ఎగురుతుంటే ఆ పందొమ్మిది నిమిషాలు మెల్లగా మన చేతికొస్తాయి. భూమి ఈ అక్షాంశం దగ్గర గంటకి దాదాపు 1,600 కిలోమీటర్ల జోరున తిరుగుతోంది, మన విమానం అందులో సగం. పందెంలో ఓడిపోతాం గానీ ఓటమి ఆలస్యమవుతుంది. పైగా ఎత్తున ఉన్నాం కాబట్టి దిగంతం ఇంకా కిందికి జరుగుతుంది. విశాఖలో ఐదూ నలభై ఐదు ప్రాంతంలో కుంకిన పొద్దు, ఆరు దాటినా నా కిటికీ ముందు మూలలో ఎర్రగా నిలబడే ఉంది. కింద గోదావరి గట్టు ఊళ్ళల్లో మాత్రం దీపాలు పెట్టేశారు. రెక్క చివర వెలుగు, రెక్క కింద రాత్రి. ఖమ్మం వైపు వచ్చేదాకా అలాగే ఉంది. ఆ తర్వాత ఎవరో ఊదినట్టు పోయింది.

6:24కి శంషాబాద్. బెల్టు దగ్గర పెట్టె కోసం ఇరవై నిమిషాలు, పుష్పక్ బస్సు కోసం పావుగంట. 8:10కి ఉప్పల్ దగ్గర బస్సు ఇంజిన్ ఆపేసుకుని కూర్చుంది. ఫోన్ మోగింది.

"ఇంటికి వచ్చీసేవా?" అక్క.

"ఉప్పల్లో ఉన్నా."

"అదేట్రా, ఆరున్నరకే దిగిపోయానన్నావు?"

వెనక నుంచి బావగారు: "మూడింటికి సికింద్రాబాద్‌లో కదిలిన వందేభారత్ ఈపాటికి ఏలూరు దాటీసుంటాది, చెప్పు వాడికి."

8:47కి తాళం తీశాను. చీటీ మీద ఆఖరి గీత గీసి, ఫొటో తీసి వాట్సాప్‌లో ఆయనకి పంపించాను. రెండు టిక్కులు నీలంగా మారాయి. చాలాసేపు 'టైపింగ్' అని కనిపించింది. చివరికి వచ్చింది: "డ్రైవర్ సంతకం ఏదీ? చెల్లదు."